పేరు చెబితే చాలదు

ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని ఫైలు అడుగుతుంది. అడుగుతూ తనెవరో చెబుతుంది: నేను 1005 నంబరు యూజర్‌ని. సర్వర్ పట్టిక చూసుకుంటుంది. ఆ ఫైలు 1005దే. ఇచ్చేస్తుంది. చెప్పినవాడు నిజంగా 1005 నంబరు మనిషేనా అన్న విచారణ ఏదీ జరగదు. లైనక్స్ ల్యాబుల్లో వాడే ఎన్‌ఎఫ్‌ఎస్‌ని మామూలు అమరికతో వదిలేస్తే ఈనాటికీ అలాగే నడుస్తుంది. గోదావరి ప్రాంతంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకోవడం నా పని. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది ఈ చిన్న సంభాషణే.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. ఎక్కడో గదిలో ఉన్న డిస్కు మన ముందున్న యంత్రంలో సొంత ఫోల్డర్‌లా తెరుచుకోవడం అప్పట్లో పెద్ద సంగతి. దాన్ని రాసినవాళ్లు భద్రత తెలియనివాళ్లు కారు. వాళ్లు చూసిన సంస్థల్లో వర్క్‌స్టేషన్లన్నీ ఒకే నిర్వాహకుడి కింద ఉండేవి. యంత్రం మీద సర్వాధికారాలుండే రూట్ ఖాతా మామూలు వాడుకరుల చేతికి వచ్చేది కాదు. కాబట్టి యంత్రం ఒక నంబరు చెప్పిందంటే నిర్వాహకుడు చెప్పినట్టే. ఆ ఏర్పాటులో నమ్మడంలో తప్పు లేదు.

ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. మూడో సంవత్సరం కుర్రాడి సంచిలో లాప్‌టాప్ ఉంటుంది, దాని మీద అతనే రూట్. ల్యాబులో ఒక పీసీ వెనకాల కేబుల్ పీకి తన లాప్‌టాప్‌కి పెట్టుకుని, ఆ పీసీ ఐపీ చిరునామానే తనదిగా రాసుకుంటే సర్వర్‌కి తేడా తెలియదు. ఆ తర్వాత తన లాప్‌టాప్‌లో 1005 నంబరుతో ఒక యూజర్‌ని సృష్టించుకుని షేర్‌ని మౌంట్ చేస్తే, 1005 ఏ ప్రొఫెసర్‌దైతే ఆయన ఫైళ్లన్నీ అతని ముందుంటాయి. పగలగొట్టిన పాస్‌వర్డ్ లేదు, దొంగ సాఫ్ట్‌వేర్ లేదు. రూట్ స్క్వాష్ ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. అది సున్నా నంబరుతో వచ్చినవాణ్ణి మాత్రమే ఎవరికీ చెందని 65534 నంబరుకు దించుతుంది. రూట్ అయినవాడు క్షణంలో 1005గానో 1006గానో మారి వస్తే దానికి పట్టదు. కొత్తగా చేరిన లెక్చరర్లకు నేను ఇది చేసి చూపిస్తాను, దీనికోసమే పెట్టిన ఉత్తుత్తి ప్రశ్నపత్రం మీద. గదిలో మాటలు ఆగిపోతాయి.

ఇదే లోపం ఇంకో వైపు నుంచి కూడా వస్తుంది. అక్కడ ఒకరు మరొకరి పేరు పెట్టుకోనక్కర్లేదు. అసలు ఎవరికీ సొంత పేరే ఉండదు. మన ఊళ్లలో కాలేజీలైనా, ఆడిటర్ల ఆఫీసులైనా, ఆస్పత్రులైనా ఎక్కువ చోట్ల ఇదే కనిపిస్తుంది. డిపార్ట్‌మెంటుకంతా ఒకటే యూజర్ పేరు, ఒకటే పాస్‌వర్డ్, అది మానిటర్ అంచుకి అంటించిన చీటీ మీద. నేను చేరక ముందు ఒక కాలేజీలో జరిగిన సంగతి, తర్వాత ఆ సర్వర్ నా చేతికి వచ్చినప్పుడు విన్నాను. ఇంటర్నల్ మార్కుల ఎక్సెల్ షీటులో కొన్ని అంకెలు మారాయి. ఎవరు మార్చారు? లాగ్‌లో ఉన్నది డిపార్ట్‌మెంటు పేరు. ఆ పేరుతో లోపలికి వెళ్లేవాళ్లు పదిమందికి పైగానే. అనుమానం అందరికంటే కింద ఉన్నవాడి మీదకు జారింది. ల్యాబ్ అసిస్టెంట్, డిప్లొమా చదివిన కుర్రాడు, సాయంత్రాలు తాళాలు వేసేది అతనే. ఎవరూ నేరుగా ఏమీ అనలేదట. స్టాఫ్ రూములోకి అతను రాగానే మాట మార్చేవారట. సెమిస్టర్ అయ్యాక మానేసి వెళ్లిపోయాడు. అతను చేశాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి ఆ సర్వర్‌లో లేదు. చేసినవాడు ఇంకొకడైతే అతనికి ఆ ఉమ్మడి పేరు మంచి చాటు. చేయని ఈ కుర్రాడికి మాత్రం, నేను కాదు అని చూపించుకోవడానికి అందులో ఒక్క అక్షరం ఆసరా దొరకలేదు.

అది విన్నప్పటి నుంచి నా దృష్టిలో అథెంటికేషన్ అంటే దొంగల్ని ఆపే గడియ ఒక్కటే కాదు. దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడు. నిజాయితీపరులు రోజూ వస్తారు. వాళ్లు చేసిన పని వాళ్ల పేరు మీద, చేయని పని వాళ్లది కాకుండా నమోదు కావడం వాళ్ల హక్కు. సర్వర్ ప్రతి ఒక్కరినీ విడిగా గుర్తుపట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

సన్ వాళ్లు ఒక రకం ప్రపంచాన్ని ఊహించుకుంటున్న కాలంలోనే ఎంఐటీలో ఇంకో రకం ప్రపంచం మొదలైంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐబీఎం సంస్థల తోడ్పాటుతో 1983లో అక్కడ ప్రాజెక్ట్ అథీనా ఆరంభమైంది. క్యాంపస్ అంతటా విద్యార్థులందరికీ వర్క్‌స్టేషన్లు అందుబాటులో పెట్టారు. యంత్రం ముందు కూర్చున్న విద్యార్థి దాన్ని రీబూట్ చేసి తనకు నచ్చినట్టు నడిపించుకోగలడు. కాబట్టి అక్కడి ఇంజినీర్లు మొదటి రోజు నుంచే, వర్క్‌స్టేషన్ చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు అన్న చోట మొదలుపెట్టారు. మధ్యలో తీగ మీద వినేవాడు కూడా ఉంటాడనే అనుకున్నారు. రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ 1978లో ప్రచురించిన ఒక పద్ధతి మీద స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ నిర్మించినదే కెర్బెరోస్. దాని ఐదో రూపం 1993లో ప్రామాణిక పత్రంగా వచ్చింది. మనం ఇప్పుడు వాడేది దాని కొనసాగింపే.

అథీనాలో పనిచేసిన బిల్ బ్రయంట్ 1988లో దీన్ని నాటకంలా, నాలుగు రంగాల సంభాషణగా రాశాడు. అథీనా, యురిపిడీస్ అని రెండు పాత్రలు. అథీనా ఒక పద్ధతి చెబుతుంది, యురిపిడీస్ దానిలో కన్నం చూపిస్తాడు. ఆమె ఆ కన్నం పూడ్చి మళ్లీ వస్తుంది. అలా వాదించుకుంటూ వెళ్తే చివరికి తేలేదే కెర్బెరోస్. సాంకేతిక విషయాన్ని ఇంత మర్యాదగా, పాఠకుడి తెలివిని గౌరవిస్తూ రాసిన రచనలు నేను చాలా తక్కువ చూశాను. నా దగ్గర పనిలో చేరిన ప్రతివాళ్లకీ ముందు అదే చదవమని ఇస్తాను, కమాండ్లు ఆ తర్వాత.

ఇంతకీ అది చేసే పని ఏమిటి? కాలేజీ మొత్తంలో అందరి రహస్యాలూ ఎరిగిన యంత్రం ఒకటి ఉంటుంది, దాన్ని కేడీసీ అంటారు. పొద్దున ఒక మేడం లాగిన్ అవుతారు. ఆమె టైపు చేసిన పాస్‌వర్డ్ తీగ మీదికి వెళ్లదు. ఆమె యంత్రంలోనే అది ఒక తాళంచెవిగా మారుతుంది. కేడీసీ పంపే జవాబు ఆ తాళంచెవితో మాత్రమే తెరుచుకుంటుంది. తెరవగలిగితే ఆమె ఆమే. ఆ తర్వాత ఫైల్ సర్వర్‌కి వెళ్లాలంటే కేడీసీ ఒక టికెట్ ఇస్తుంది. పూర్వం జమీందారు లక్క ముద్ర వేసిచ్చిన ఉత్తరాన్ని మనిషి పక్క ఊరికి పట్టుకెళ్లేవాడు. మోసేవాడు దాన్ని విప్పకూడదు, అందుకున్నవాడే విప్పాలి. టికెట్ అలాంటి ఉత్తరం. ఫైల్ సర్వర్ రహస్యంతో ముద్రవేసి ఉంటుంది కాబట్టి మేడం యంత్రం దాన్ని మోయగలదే కానీ దిద్దలేదు. తీగ మీద ఎవరైనా ఆ ఉత్తరాన్ని కాపీ కొట్టినా పనికిరాదు. దాంతోపాటు అప్పటి సమయం రాసిన ఒక చీటీ కూడా చూపించాలి, ఆ చీటీని మూసే తాళంచెవి కాపీ కొట్టినవాడి దగ్గర ఉండదు.

ఇందులో నన్ను ఎప్పటికీ ఆకట్టుకునేవి రెండున్నాయి. ఒకటి, రహస్యాన్ని ఎదుటివాడి చేతిలో పెట్టకుండానే అది నా దగ్గర ఉందని చూపించగలగడం. మనం రోజూ చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. లాడ్జిలో దిగినా, అద్దె ఇల్లు చూసుకున్నా ఆధార్ జిరాక్స్ ఇచ్చి వస్తాం. ఆ కాగితం ఏ సొరుగులో ఉందో, రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. నేను నేనేనని చెప్పుకున్న ప్రతిసారీ నన్ను నేను కొంచెం వదులుకుంటున్నాను. కెర్బెరోస్‌లో కేడీసీ దగ్గర తప్ప ఏ సర్వర్ దగ్గరా నా రహస్యం మిగిలిపోదు. రెండోది ఇంకా గొప్పది. ఫైల్ సర్వర్ కూడా తనెవరో రుజువు చేసుకోవాలి. తన రహస్యంతో ఉత్తరం విప్పి, లోపలి సమాచారంతో సరైన జవాబు ఇవ్వగలిగితేనే అది అసలు సర్వర్. వచ్చినవాడినే కాదు, కూర్చున్నవాడిని కూడా గుర్తింపు అడిగే ఏర్పాటు మన కార్యాలయాల్లో ఎన్ని చోట్ల ఉంది? బ్యాంకు పేరు చెప్పి ఫోను చేసినవాడికి జనం ఓటీపీ చెప్పేస్తున్నారంటే, అవతలివాణ్ణి రుజువు అడగడం మనకు అలవాటు చేయకపోవడమే కారణం. అది వాళ్ల తెలివితక్కువతనం అని నేననను.

1988లో యూజ్‌నిక్స్ సమావేశంలో కెర్బెరోస్ గురించి స్టైనర్, న్యూమన్, షిల్లర్ సమర్పించిన పత్రంలో ఎన్‌ఎఫ్‌ఎస్‌కి దీన్ని జోడించడం మీద ఒక అనుబంధం ఉంది. ప్రతి అభ్యర్థననీ ఎన్‌క్రిప్షన్‌తో పరీక్షిస్తే అప్పటి యంత్రాలు తట్టుకోలేవు, అందుకని మౌంట్ చేసేటప్పుడు ఒకసారి గుర్తింపు చూసుకునే మధ్యేమార్గం ఎంచుకున్నారు. ప్రతి అభ్యర్థనకీ రుజువు జోడించే పద్ధతికి ప్రామాణిక పత్రం 1997లో వచ్చింది. 2000లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో రూపం దాన్ని తప్పనిసరిగా అందుబాటులో ఉంచాలంది. 2010 నుంచి ప్రాసెసర్లలో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌కి ప్రత్యేక ఆదేశాలే ఉన్నాయి. వేగం సరిపోదన్న సాకు ఎప్పుడో తీరిపోయింది.

అయినా లైనక్స్ సర్వర్‌లో ఎక్స్‌పోర్ట్స్ ఫైలు తెరిచి ఏమీ చెప్పకుండా వదిలేస్తే భద్రత అన్న చోట అది సిస్ అనే పాత పద్ధతినే అనుకుంటుంది, అంటే చెప్పిన నంబరును నమ్మే పద్ధతి. దాని బదులు మూడు మెట్లున్నాయి. కేఆర్‌బీ5 పెడితే మనిషెవరో తేలుతుంది. కేఆర్‌బీ5ఐ పెడితే దారిలో అక్షరం మారినా పట్టుబడుతుంది. కేఆర్‌బీ5పీ పెడితే దారిలో ఎవరూ చదవలేరు. ప్రశ్నపత్రాలు, మార్కులు తిరిగే చోట మూడో మెట్టు తప్ప మరోటి పెట్టకూడదని నా అభిప్రాయం. పాత పీసీల కోసమని పక్కనే సిస్‌ని కూడా ఉంచేవాళ్లుంటారు. అలా ఉంచితే పరీక్ష పెట్టినట్టే కాదు, లోపలికి రావాలనుకున్నవాడు తనకు తేలికైన దాన్నే ఎంచుకుంటాడు. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో రూపాన్ని పూర్తిగా ఆపేసి నాలుగో రూపం ఒక్కటే ఉంచితే 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు, ఫైర్‌వాల్ నియమాలు ఒక పేజీలో సరిపోతాయి.

ఇక కీట్యాబ్. సర్వర్ సొంత రహస్యం ఉండే చిన్న ఫైలది. అది బయటికి పోతే ఎవరైనా మన సర్వర్‌గా వేషం వేయొచ్చు. దాన్ని మెయిల్లో పంపకూడదు, పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో తిప్పకూడదు. కేడీసీ మీద వెబ్‌సైట్లూ ప్రింటర్లూ లాంటి ఇంకే పనీ పెట్టకూడదు. ఇవి చెప్పడం సులువు. గదుల కొరత, యంత్రాల కొరత ఉన్న కాలేజీలో, ఒక యంత్రాన్ని తాళం వేసిన గదిలో దాదాపు ఖాళీగా కూర్చోబెట్టాలని యాజమాన్యాన్ని ఒప్పించడం కష్టం. ఆ వాదన నేను గెలిచేదాకా వదలలేదు.

నేను ఊహించని చోట అడ్డుపడింది గడియారం. చీటీ మీద సమయం ఉంటుంది కదా, రెండు యంత్రాల గడియారాలకీ మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ ఒప్పుకోదు. మా ల్యాబుల్లో పాత పీసీల మదర్‌బోర్డు మీద బ్యాటరీలు చచ్చిపోయి ఉంటాయి. కరెంటు పోయి వచ్చిందంటే వాటికి ఏళ్ల కిందటి తేదీ వస్తుంది. ఆ రోజు పొద్దున పిల్లలెవరూ లాగిన్ కాలేరు. బ్యాటరీలు మార్చాం, అన్ని యంత్రాలనూ ఒకే కాలానికి కట్టాం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కూడా గడియారాల్ని ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో సరిపెట్టుకోవాలని ఉంది, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కూడా. ఎవరు అన్నదానికి విలువ రావాలంటే ఎప్పుడు అన్నది ఖచ్చితంగా ఉండాలి. ఆ ల్యాబ్ అసిస్టెంట్ తరఫున ఎవరైనా ఒకరు, ఆ సమయానికి అతను ఊళ్లోనే లేడు అని చెప్పి ఉంటే కూడా, తప్పు తేదీ చూపించే యంత్రం ఆ మాటకు బలమిచ్చేది కాదు.

టికెట్‌కి పది గంటల గడువు పెట్టాను. ఉదయం తొమ్మిదికి తీసుకున్నది రాత్రి ఏడుకు చెల్లదు. దీనివల్ల ఒక పీహెచ్‌డీ విద్యార్థిని చాలా ఇబ్బంది పడింది. రాత్రంతా నడవాల్సిన ఆమె సిమ్యులేషన్ ఏడు దాటగానే ఫలితాలు రాసుకోలేక ఆగిపోయేది. గడువు లేకుండా చేయమని అడిగింది. చేయలేదు. వారం దాకా పొడిగించుకునే టికెట్ ఆమెకి ఏర్పాటు చేశాను. గడువెందుకో కూడా చెప్పాను: లాగిన్ అయి ఉన్న యంత్రంలో ఇంకొకడు రూట్ అయితే అక్కడున్న టికెట్‌ని తీసుకోగలడు, ఆ నష్టానికి ఒక హద్దు ఉండాలి. కెర్బెరోస్ వచ్చింది కాబట్టి ఇక భయం లేదని నేనెవరికీ చెప్పను.

ఆఫీసు వైపు అంతా విండోస్, అక్కడ ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్‌ఎంబీ. విండోస్ యంత్రాలకు లైనక్స్ సర్వర్ నుంచి ఫైళ్లు అందించే సాంబాని ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టాడు, 1990ల ఆరంభంలో. దానికి మన చిన్న సంస్థలన్నీ రుణపడి ఉన్నాయి. కానీ చాలా చోట్ల దాన్ని గెస్ట్‌గా, పాస్‌వర్డ్ అడగకుండా తెరిచి పెట్టారు. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఎస్‌ఎంబీ మొదటి రూపంలోని లోపమే దాని దారి. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా అది సోకింది. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త విడతలో గెస్ట్ లాగిన్‌ని మొదటే ఆపేశారు. ఆ వారాల్లో నాకు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. "సార్, షేర్ ఓపెన్ అవట్లేదండీ, ఆ సెట్టింగ్ పాతలా మార్చేసే కమాండ్ చెప్పండి." చెప్పలేదు. ఒక్కొక్కరికీ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవడం ఎలాగో చెప్పాను. కొందరు ఓపిగ్గా చేశారు. కొందరు వేరేవాళ్లకి ఫోన్ చేసి ఉంటారు.

మా దగ్గర అభ్యంతరం చెప్పిన పెద్దాయన ఒకరున్నారు. డిపార్ట్‌మెంటులో అందరికంటే సీనియర్, మంచి టీచర్. "ఇన్నేళ్లుగా ఇక్కడున్నాను, ఇప్పుడు నేనెవరో యంత్రానికి చెప్పుకోవాలా బాబూ?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. మన దగ్గర పేరడగడమంటే తెలియదనడం, నువ్వెవరనడం తక్కువ చేయడం. ఎదురు చెప్పకుండా ఆయన సంతకాల గురించి అడిగాను. ఆయన ప్రశ్నపత్రం కవరు అంచున మూడు చోట్ల సంతకం పెట్టి అప్పగిస్తారు, ఎవరూ అడగకపోయినా. ఎందుకు పెడతారు సార్ అన్నాను. కాసేపు ఆలోచించి, "రేపెవరైనా విప్పితే నా మీదకి రాకూడదు కదా" అన్నారు. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఆయన పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. చాలా పొడవైనది పెట్టుకున్నారని మాత్రం తెలుసు, ఏమిటో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇప్పుడు ప్రతి ఫైలు ఎవరు తెరిచారు, ఎప్పుడు దిద్దారు అన్నది లాగ్‌లో ఉంది. అక్కడే నా కొత్త చింత మొదలైంది. ఎవరు ఎన్నింటికి లాగిన్ అయ్యారు, సెలవురోజున ఎవరు పనిచేశారు, ఎవరు చేయలేదు అన్నది కూడా అందులో ఉంది. అమాయకుణ్ణి కాపాడటానికి పెట్టిన పుస్తకాన్ని హాజరుపట్టీగా వాడుకోవాలని ఎవరికైనా అనిపించడానికి ఎంతసేపు? ఒకసారి ఆఫీసు నుంచి ఒకరు, ఫలానా లెక్చరర్ శనివారం సాయంత్రం ఎన్నింటిదాకా ఉన్నారో చూసి చెప్పమన్నారు. మార్కుల గొడవ కాదు, మరే ఫిర్యాదూ లేదు. నేను ఇవ్వలేదు. కానీ నేను ఇవ్వకపోవడం మీద ఆధారపడే ఏర్పాటు ఏర్పాటు కాదు. రేపు నా కుర్చీలో ఇంకొకరుంటారు.

అందుకని ఒక పేజీ ఉత్తర్వు రాసి ప్రిన్సిపాల్ గారికి పెట్టాను. లాగ్‌ను ఒంటరిగా ఎవరూ తెరవకూడదు, నాతో సహా. రాతపూర్వకమైన ఫిర్యాదు ఉంటేనే, ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకి చెప్పి, ఇద్దరి సమక్షంలో ఆ రోజుకు సంబంధించిన భాగం మాత్రమే చూడాలి. చూసిన సంగతి కూడా నమోదు కావాలి. తన గురించి లాగ్‌లో ఏముందో అడిగే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉండాలి, ల్యాబ్ అసిస్టెంట్‌కి కూడా. 180 రోజులు దాటి, నడుస్తున్న విచారణ ఏదీ లేకపోతే చెరిపేయాలి. ప్రిన్సిపాల్ గారు చదివారు, బాగుందన్నారు, యాజమాన్యంతో మాట్లాడి సంతకం చేస్తానన్నారు. ఇంకా చేయలేదు. ప్రతి స్టాఫ్ మీటింగులోనూ ఆ కాగితం కొత్త ప్రతి తీసుకెళ్తున్నాను. పోయిన నెల దాని కింద హెచ్‌ఓడీ మేడం, ఆ సీనియర్ మాస్టారు కూడా సంతకాలు పెట్టారు.